పదకొండుకు మిగిలే ఒకటి

జెండా నా చేతిలోనే ఉండిపోయింది. దాన్ని అందుకోవలసిన పిల్ల రాలేదు.

1979 నవంబరు 14. ఆ ఏడాదిని లోకమంతా బాలల సంవత్సరంగా జరుపుకుంటుంటే మా జిల్లా కూడా ఏం తక్కువ తినలేదు. తిరుపతి ఊరి చివర మైదానంలో పద్నాలుగు బడుల పిల్లలు పదకొండేసి మంది చొప్పున వరసలు కట్టి నిలబడ్డారు. పందిట్లో కూర్చున్న పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. ఎందుకు కొట్టరు? ఒక్క వరసలోనూ వెలితి లేదు, ఒక్క పిల్ల కూడా వరసకు బయట లేదు. అంత నిండుగా ఉంది. ఆ నిండుతనం చూసే నాకు భయమేసింది.

నేను లెక్కల టీచర్ని, పేరు జ్ఞానాంబ. మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది మొదలుపెట్టలేదు. ఆ భయం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు ఆ సంఖ్య సంగతి చెప్పాలి. ఆ సంఖ్యను ఎంచింది నేనే. దాన్ని చూసుకుని నాలుగు నెలలు విర్రవీగింది కూడా నేనే.

జూలైలో చిత్తూరులో మీటింగు పెట్టి, బాలల దినోత్సవానికి సామూహిక డ్రిల్లు చేయించే పని డ్రిల్లు మాస్టరు ధనంజయకీ నాకూ అప్పజెప్పారు. ధనంజయ చెడ్డవాడు కాదు గాని, మెడలో విజిల్ పడితే తానొక సేనాధిపతినని అనుకుంటాడు. పిల్లలు మొదట జంటలుగా నిలబడాలి, విజిల్ వేస్తే మూడేసి మంది వరసలు కావాలి, మళ్ళీ వేస్తే నాలుగేసి, అలా పది దాకా పోవాలి. ఆలోచన ఆయనదే, బాగుంది. పిల్లలు ఎంతమంది కావాలన్న దగ్గర గొడవొచ్చింది.

"రెండువేల ఐదునూర్లు పెట్టుకుందాం టీచర్. రౌండు నంబరుగా ఉంటాది. పేపర్లో వేస్తే బాగుంటాది," అన్నాడు.

"మూడేసి మందిని నిలబెట్టండి సార్, సూస్తాను. ఒకరు మిగులుతారు. ఏడేసి మందిని నిలబెడితే ఒకరు. తొమ్మిదేసి మందిని నిలబెడితే ఏడుగురు. వాళ్ళను మీ జేబులో పెట్టుకుంటారా?"

"అయితే నువ్వే చెప్పు ఎంతో."

"రెండువేల ఐదునూట ఇరవై."

నేనది ఊరికే అనలేదు. 2520ని రెండుతో భాగించు, మూడుతో భాగించు, నాలుగుతో, ఐదుతో, అలా పది దాకా దేనితో భాగించినా శేషం ఉండదు. ఏడేసి మందయితే మూడు వందల అరవై వరసలు. ఎనిమిదేసి మందయితే మూడు వందల పదిహేను. తొమ్మిదేసి మందయితే రెండు వందల ఎనభై. ఒకటి నుంచి పది దాకా అన్నింటికీ లొంగే సంఖ్యల్లో ఇదే అన్నింటికన్నా చిన్నది, ఇంతకు ఒక్కటి తగ్గినా పని జరగదు. వారానికి ఏడు రోజులు, నెలకు ముప్ఫై, ఏడాదికి పన్నెండు నెలలు. ఏడూ ముప్ఫై పన్నెండూ హెచ్చించి చూడండి, అదే వస్తుంది. పైగా మాకు వచ్చినవి పద్నాలుగు బడులు, బడికి నూట ఎనభై మంది చొప్పున తీసుకుంటే సరిగ్గా సరిపోయింది. నేను సృష్టించిన సంఖ్య కాదు, అయినా నా కడుపున పుట్టిన బిడ్డను చెప్పుకున్నట్టు అందరికీ చెప్పుకు తిరిగాను.

ధనంజయ ఊరుకోలేదు. "పదకొండు సంగతేమి టీచర్? ఆడ నీ నంబరు బొక్కబోర్లా పడతాదా?" అన్నాడు.

"రెండువందల ఇరవైతొమ్మిది వరసలొస్తాయి, ఒకరు మిగులుతారు. ఆ మిగిలిన బిడ్డ చేతికి జెండా ఇస్తాం. అందరికంటే ముందుకొచ్చి నిలబడతాది. ఆట దాంతో ముగిసిపోతాది."

ఆయన విజిల్‌ను చొక్కా మీద తుడుచుకున్నాడు. "నీ నోటికి భయపడాల్నా, నీ లెక్కకు భయపడాల్నా తెలీదు తల్లీ," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

పద్నాలుగు బడులకూ పద్నాలుగు రంగుల రిబ్బన్లు పెట్టాం, ఏ బడి పిల్ల ఏదో దూరం నుంచే తెలియాలని. ఆరో బడి నగరిది. వాళ్ళవి ఆకుపచ్చ రిబ్బన్లు. నేతపనివాళ్ళ పిల్లలు ఎక్కువ కాబట్టి ఇంట్లోనే నూలుకు రంగు వేసి నేయించి తెచ్చుకున్నారు, బజారు రిబ్బనుకన్నా బాగున్నాయి. నియమాలు రెండు పెట్టాను. ముందు ఖాళీ కనబడితే వెనకున్న పిల్ల ఒక అడుగు వేసి ఆ ఖాళీ నింపాలి, ఆమె ఖాళీని ఆమె వెనకున్న పిల్ల నింపాలి. ఏం జరిగినా నోరెత్తకూడదు. ఈ రెండూ ధనంజయవి కావు, నావే. రిబ్బను లేకుండా వరసలో కనబడితే వీపు చిట్లుతుందని కూడా నేనే బెదిరించాను.

చివరి మూడు రోజులూ పిల్లలందరినీ తిరుపతి సత్రాల్లో దించి మైదానంలో కలిపి నడిపించాం. వాన పడుతూ ఆగుతూ ఉండేది, కొండ మబ్బులో నుంచి ఒకసారి కనబడితే నాలుగుసార్లు కనబడేది కాదు. వానకు పందిట్లో తలదాచుకున్నప్పుడు పిల్లలకు ఒక పొడుపు లెక్క ఇచ్చాను. ఒక గంపలో నిమ్మకాయలున్నాయి. రెండేసి పేరిస్తే చివర్న ఒకటి తక్కువ. మూడేసి పేర్చినా ఒకటి తక్కువ. అలా పది దాకా ఎట్లా పేర్చినా ఒకటి తక్కువే. పదకొండేసి పేరిస్తే మాత్రం సరిగ్గా సరిపోయాయి. ఎన్ని కాయలు?

పెద్ద పిల్లలు వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటే ఆకుపచ్చ రిబ్బను పిల్ల ఒకతె లేచి నిలబడింది. తొమ్మిదేళ్ళుంటాయేమో, జడలు బిగించి, మోకాలి మీద మానిన గాయం. పేరు చెంగమ్మ.

"రెండువేల ఐదునూట పందొమ్మిది టీచర్."

"ఎట్ట చెప్పినావు?"

"ఇంగొక కాయ తెచ్చి వేస్తే అన్నిటికీ సరిపోతాది గదా. అంటే మన నంబరుకు ఒకటి తక్కువ. మన నంబరుకు పదకొండుతో ఒకటి మిగులుతాది, దాన్ని తీసేస్తే సరిపోతాది," అంది. తర్వాత కాస్త సిగ్గుపడి, "పడుగులో ఒక పోగు తెగినా మా నాయన ఇట్నే లెక్కేస్తాడు టీచర్," అని కూర్చుంది.

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి జవాబు నేను నాలుగుసార్లు విని ఉంటాను. ఆ పిల్లను దగ్గరికి పిలిచి తల నిమరాలనిపించింది. నిమరలేదు, నెత్తికెక్కుతుందని. ఆ సంగతి నన్ను చాలా కాలం తొలిచింది.

ఇక ఆ రోజు. జంటల నుంచి పదుల దాకా అన్నీ అనుకున్నట్టే నడిచాయి. పదేసి వరసలు కట్టినప్పుడు నేను స్వయంగా చివరి వరస దగ్గరికి పోయి చూశాను, పది మందీ ఉన్నారు. అక్కడ పొరపాటు లేదు. అక్కడి నుంచి పదకొండుకు మారే ముందు పిల్లలంతా జంటలుగా పందిరి వెనకగా తిరిగి అవతలి వైపు నుంచి మైదానంలోకి రావాలి. దానికి పావుగంట పడుతుంది కాబట్టి ఆ పావుగంటా పందిరి ముందు కోలాటం పెట్టాం. బ్యాండు వాళ్ళు చెవులు చిల్లులు పడేట్టు వాయిస్తున్నారు. పిల్లలు అవతలి నుంచి వచ్చి పదకొండేసి నిలబడుతూ పోయారు, నేను ముందు జెండా పట్టుకుని నిలబడ్డాను.

వరస చివర నడిచే పిల్ల చంద్రగిరి బడి మునిలక్ష్మి. ప్రాక్టీసులో ప్రతిసారీ మిగిలేది ఆమే, పరుగున వచ్చి జెండా అందుకునేదీ ఆమే. ఆ రోజు ముందుకు రాలేదు. చివరి వరసలో పదకొండోదిగా నిలబడి నా వైపు బిక్కముఖం వేసుకుని చూస్తోంది. నేను జెండాతోనే ఆ చివరికి పోయాను.

"ఈడెందుకు నిలబడినావు?"

పెదవి కదిలీ కదలకుండా, "ఖాళీ ఉండాది టీచర్. పదిమందే ఉండారు," అంది.

ఎవరూ మిగలలేదు. అంటే మైదానంలో ఉన్నది రెండువేల ఐదు వందల పందొమ్మిది మంది. ఆ మాట నా లోపల ఎవరో అరిచినట్టు వినబడింది.

ధనంజయ ముఖమంతా వెలుగుతో ఎదురొచ్చాడు. "అదిరిపోయింది టీచర్. ఒక్కరు కూడా మిగల్లేదు, సూసినావా? జెండా లేకపోతే పోయింది, ఇదే బాగుండాది."

"సార్, ఒక బిడ్డ లేదు."

"ఏ బిడ్డ?"

"తెలీదు. ఒకరు తక్కువ ఉండారు."

"పొద్దున్నే ఎవురో రాకుండా ఉంటారు. జొరమొచ్చి సత్రంలో పడుకోనుంటారు."

"పొద్దున రాకపోయింటే పదులప్పుడు కడా వరసలో తొమ్మిదిమందే ఉండాల. నేను సూసినాను, పదిమంది ఉండారు. పదులప్పుడుండిన బిడ్డ పదకొండుకు లేదు. ఈ పావుగంటలో పోయింది."

ఆయన పందిరి వైపు చూశాడు. ముఖ్య అతిథి కుర్చీలోంచి లేస్తున్నాడు, మైకు ఎవరో సరిచేస్తున్నారు. "టీచర్, నీకు చేతులెత్తి మొక్కుతా. స్పీచి అయిపోనీ. ఇప్పుడు హాజరు పిలిస్తే జిల్లా పరువు పోతాది. రెండువేల మంది పేర్లు పిలిచేసరికి పొద్దు గూకుతాది."

అందులో ఒక్క మాట నిజం. అంతమంది పేర్లు పిలిచే వ్యవధి లేదు. నేను జెండాను చంకలో పెట్టుకుని వరసల వెంట నడవడం మొదలుపెట్టాను.

నూట ఎనభై మందిని పదకొండేసి నిలబెడితే పదహారు వరసలు నిండి నలుగురు మిగులుతారు. ఆ నలుగురూ తర్వాతి బడి పిల్లలు ఏడుగురితో కలిసి ఒక వరసవుతారు. అలా ఒక రంగు అయిపోయి ఇంకో రంగు మొదలయ్యే ప్రతి వరసలో ఏ రంగు ఎంతమంది ఉండాలో నాకు నోటికి వచ్చు. నాలుగు నెలలు గళ్ళ కాగితం మీద అదే గీశాను. పిల్ల ఏ బడిదో ఆ బడి చివర లెక్క తప్పుతుంది. పేర్లు అక్కర్లేదు, రంగులు మారే చోట్లు చూస్తే చాలు.

మైకులో ఉపన్యాసం మొదలైంది. మొదటి బడి ఎరుపు, నలుగురుండాలి. నలుగురున్నారు. రెండోది పసుపు, ఎనిమిది. ఎనిమిదే. పరుగెత్తకూడదు, పిల్లలు బెదిరితే వరసలు చెదిరిపోతాయి, వరసలు చెదిరితే ఈ జన్మకు తెలియదు. నీలం ఒక్కరు ఉండాలి, ఉంది. తెలుపు ఐదుగురు, ఉన్నారు. నారింజ తొమ్మిది మంది, రెండుసార్లు లెక్కపెట్టాను, తొమ్మిదే. 

తర్వాత ఆకుపచ్చ. నగరి బడి అయిపోయే వరసలో ఆకుపచ్చ రిబ్బన్లు రెండుండాలి. ఒక్కటే ఉంది. మిగతా పది మందీ ఏడో బడి వంకాయరంగు పిల్లలు. నేను ఆ ఒక్క ఆకుపచ్చ పిల్ల భుజం పట్టుకుని నిలబడిపోయాను. 

నగరి టీచరు భారతమ్మ పక్కనే ఉంది. నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు. సంగతి చెబితే, "లేదక్కా, పొద్దున నేనే హాజరేసినాను. నూట ఎనబై," అంది.

"పొద్దున సంగతి కాదు భారతీ. నీ పిల్లల ముఖాలు నీకు తెలుసు. ఈ వరసల్లో నడువు. ఎవురు లేరో సూడు."

ఆమె నడిచింది, వెనకే నేను. ఒక వరస, రెండు వరసలు. పిల్లలు కళ్ళు కూడా తిప్పలేదు, నేను అంత బాగా నేర్పాను. తొమ్మిదో వరస దగ్గర భారతమ్మ ఆగిపోయింది. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"చెంగమ్మ లేదక్కా. ఇది చెంగమ్మ జాగా. ఈడ చౌడమ్మ నిలబడుకోనుండాది."

చౌడమ్మ పదేళ్ళ పిల్ల. ముందుకే చూస్తూ నిటారుగా నిలబడింది. నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అమ్మాయీ, చెంగమ్మ యాడికి పోయింది?"

చౌడమ్మ నోరు తెరవలేదు. భారతమ్మ, "చెప్పు తల్లీ, టీచర్ అడుగుతా ఉండారు," అంటే అప్పుడు నా ముఖం చూసింది.

"రిబ్బను గాలికి ఎగిరిపోయింది టీచర్. పట్టుకునేదానికి పక్కకు పోయింది. మళ్ళా రాలేదు."

"యాడ?"

"పందిరి ఎనకాల."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"మీరే చెప్పినారు గదా టీచర్. ఖాళీ కనబడితే ముందుకు రావల్లని. నోరెత్తగూడదని."

ఆ పిల్ల కళ్ళలో తప్పు చేశానన్న భయం లేదు. చెప్పినట్టు చేశానన్న ధైర్యమే ఉంది. నాకు ఆ క్షణాన నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకెవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు.

లేచేసరికి ధనంజయ వెనక నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. మనిషి ముఖం సున్నం వేసినట్టు తెల్లబడింది.

"పందిరి వెనకాల ఏముండాది సార్?" అన్నాను.

 రెండోసారి అడిగితే చెప్పాడు. "గ్యాలరీ కట్టేదానికి గుంతలు తీసి వదిలిపెట్టినారు. వాననీళ్ళు నిండినాయి. పెద్దోళ్ళు జీపు దిగేది ఆడే గదా, సూసేదానికి అసయ్యంగా ఉంటాదని తడికెలు పరిపించినా. పైన ఇసుక సల్లించినా. పిల్లోళ్ళకు పక్కనే దావ ముగ్గుపిండితో గీయించినా టీచర్, దావ తప్పరనుకున్నా."

ఆయన్ను తిట్టే వ్యవధి లేకపోయింది. పరుగెత్తాను. నలభై రెండేళ్ళ దాన్ని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని అంత మంది ముందు పరుగెత్తాను. వెనక భారతమ్మ, ధనంజయ. పందిరి వెనక నీళ్ళ లారీ దగ్గర ఎల్లప్ప బీడీ ముట్టించుకుంటున్నాడు, మైదానంలో నీళ్ళు చల్లే మనిషి. మమ్మల్ని చూసి బీడీ పారేశాడు.

కొబ్బరాకు తడికెలు బారుగా పరిచి ఉన్నాయి. పైన ఎర్ర ఇసుక. కింద గుంతలు ఎన్నో, ఎక్కడెక్కడో తెలియదు. ఏ తడికె మీద కాలు పెట్టినా మేమూ పోతాం. "చెంగమ్మా," అని పిలిచాను. పందిరికి కట్టిన మైకు గొట్టం ఒకటి సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. బాలలే దేశానికి సంపదని అందులోంచి వినబడుతోంది. నా గొంతు నాకే వినబడలేదు.

గొట్టం నుంచి కిందికి దిగిన వైరు చూశాను. రెండు చేతులా పట్టుకుని లాగాను. ఒక్కసారి గురగురమని ఆగిపోయింది. పందిట్లో కలకలం రేగింది, ఎవరో నన్ను తిడుతున్నారు.

"చెంగమ్మా."

జవాబు లేదు.

"చెంగమ్మా, యాడుండావమ్మా?"

ఏమీ లేదు. భారతమ్మ ఏడుపు మొదలుపెట్టింది, ధనంజయ ఆమెను గమ్మునుండమన్నాడు. ఎల్లప్ప చేతిలో వెదురు గడతో తడికెలు ఒక్కొక్కటీ లేపి చూస్తున్నాడు. మొదటి గుంతలో బురద నీళ్ళే. రెండో దాంట్లోనూ అంతే. అప్పుడు నాకొకటి తోచింది.  గట్టిగా, క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

"చెంగమ్మా, నోరు తెరువు. ఇంక మాట్లాడొచ్చు."

దూరంగా, నాలుగో తడికె అవతల నుంచి బొంగురుగా వచ్చింది.

"ఈడుండా టీచర్."

ఎల్లప్ప తడికె లాగిపారేసి ఒక్క దూకు దూకాడు. ఆయనకు నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. చెంగమ్మ కాంక్రీటు కోసం నిలబెట్టిన ఇనుప కమ్మిని రెండు చేతులతో కావలించుకుని ఉంది, గడ్డం నీళ్ళకు తగులుతోంది. పెదవులు నీలం. ఒక చేతి వేళ్ళకు ఆకుపచ్చ రిబ్బను చుట్టుకుని ఉంది. వేళ్ళు కమ్మి నుంచి విడదీయడానికి ఎల్లప్ప చాలాసేపు కష్టపడాల్సి వచ్చింది. పైకి అందిస్తే నేనూ ధనంజయ పట్టుకున్నాం. ఆయన పిల్లను గుండెకు హత్తుకుని, "సామీ, సామీ," అంటూ కొండ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక ఆయన్ను ఏమీ అనలేకపోయాను. నా వాటా నాకూ ఉంది.

జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాం. కాలు బెణికింది, చలికి ఒళ్ళు కొయ్యబారింది, బురదనీళ్ళు కొంచెం మింగింది. అంతకుమించి ఏమీ లేదని డాక్టరు చెప్పాక నేను వరండాలో బల్ల మీద కూలబడ్డాను. సాయంకాలానికి పిల్లకు మంచి తెలివి వచ్చింది. భారతమ్మ వేడిపాలు తేవడానికి పోయింది. నగరికి కబురు పోయింది, వాళ్ళ నాయన బస్సెక్కాడని చెప్పారు. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"గుంతలో ఎందుకమ్మా అరవలేదు?" అన్నాను.

"మొదట అరిచినా టీచర్. బ్యాండులో ఇనపడలేదు. అప్పటికి గొంతు పోయింది. తరవాత స్పీచి మొదలుపెట్టినారు. స్పీచిలో అరవగూడదు గదా."

నేను ఆమె తల నిమిరాను. జుట్టులో ఇంకా ఇసుక ఉంది. 

"నా జాగాలో ఎవురు నిలబడినారు టీచర్?"

ఇన్నేళ్ళలో పిల్లలకు తప్పు లెక్క చెప్పింది లేదు. ఆ ఒక్కసారి చెప్పాను.

"ఎవురూ నిలబడలేదమ్మా. నీ జాగా ఖాళీగానే ఉండింది. అది సూసే నీకోసం వెతుక్కుంటా వచ్చినాము."

ఆమె ముఖంలో సంతోషం మెల్లగా వచ్చింది. వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. కనుబొమలు దగ్గరికి లాగింది, నిమ్మకాయల లెక్కప్పుడు లాగినట్టు.

"అయితే కడాన ఒకరు మిగిలింటారు గదా. జెండా మునిలక్ష్మక్క ఎత్తిందా?"

జెండా నా చేతిసంచిలో మడిచి ఉంది, కర్ర సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఆమె ఎదురుగానే కనబడుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. నేను సంచిని మంచం కిందికి తోశాను.

"నిండిపోయింది అయితే," అంది చెంగమ్మ. అందులో నిష్ఠూరం లేదు, లెక్క తేల్చినట్టే అంది.

"నిండిపోయిందమ్మా," అన్నాను. "నేనే నింపమన్నాను."